చీటీ మీద ఇంకో లైను రాయండి: గుండె డాక్టర్లకు ఒక మందుల షాపాయన లేఖ

గుండె డాక్టర్లకు, షుగర్ డాక్టర్లకు, ఊళ్లలో అన్ని జబ్బులూ చూసే జనరల్ ఫిజీషియన్లకు,

నమస్కారం.

పల్నాడులో ఒక మండల కేంద్రంలో 22 ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. డి.ఫార్మసీ చదివాను. నా షాపు నడిచేదే మీ చీటీల మీద. కాబట్టి మీ మీద ఫిర్యాదు చేద్దామని ఈ లేఖ మొదలుపెట్టలేదు. ముందు నా తప్పు ఒకటి చెప్పుకుంటాను. ఆ తర్వాత, కొలెస్ట్రాల్ మాత్ర రాసే చీటీలో ఒక్క లైను ఎక్కువ రాయమని మిమ్మల్ని అడుగుతాను.

మా హైస్కూల్లో తెలుగు చెప్పిన మాస్టారు ఒకాయన రిటైరై ఊళ్లోనే ఉంటున్నారు. గుండెపోటు వస్తే విజయవాడ తీసుకెళ్లారు, స్టెంట్ పడింది. ఇంటికి పంపేటప్పుడు మిగతా మందులతో పాటు ఒక క్యాప్సూల్ రాశారు. రక్తం పల్చబరిచే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ మూడూ ఒకే గొట్టంలో పెట్టి అమ్ముతారే, అది. ఈ రకం క్యాప్సూళ్లకు పేరు ఒకటే ఉంటుంది, చివర అంకె మారుతుంది. 10, 20, 40. ఆ అంకె అటోర్వాస్టాటిన్ ఎంత ఉందో చెబుతుంది. మాస్టారికి రాసింది 40.

ఒక నెల నా దగ్గర 40 అయిపోయింది. కౌంటర్లో ఉన్న కుర్రాడు అదే పేరున్న 10 అట్ట ఇచ్చి, "రెండ్రోజులు ఇవి వాడండి, స్టాకు రాగానే అవి తీసుకెళ్దురు గానీ" అన్నాడట. రెండ్రోజుల తర్వాత మాస్టారు రాలేదు. నెల తర్వాత వచ్చారు. చీటీ తేలేదు, ఖాళీ అట్ట తెచ్చారు. అట్ట మీద 10 ఉంది, నేను 10 ఇచ్చాను. మరుసటి నెల మళ్లీ ఖాళీ అట్ట. అలా పద్నాలుగు నెలలు నా చేత్తోనే ఇచ్చాను.

చట్టం ప్రకారం ఇవి షెడ్యూల్ హెచ్ మందులు. చీటీ చూడకుండా ఇవ్వకూడదు. కానీ మా ఊళ్లో నెలనెలా వాడే మందులకు చీటీ తెచ్చేవాళ్లు తక్కువ. అట్ట ముక్క కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకొస్తారు. "ఇదే ఇవ్వబ్బాయ్" అంటారు, ఇస్తాం. నేను చేస్తున్నది సరైనదని చెప్పడం లేదు, జరుగుతున్నది చెబుతున్నాను.

ఈ పద్నాలుగు నెలల్లో మాస్టారు డాక్టరు దగ్గరికి మూడుసార్లు వెళ్లారు. ఫైలు నేను చూశాను. మూడుసార్లూ బీపీ చూశారు, ఈసీజీ తీశారు, ఒకసారి ఎకో కూడా తీశారు. చివర సీఎస్‌టీ అని మూడక్షరాలు రాశారు. అంటే అవే మందులు కొనసాగించమని. డాక్టరు గారి మనసులో ఉన్న 'అవే మందులు' వేరు, మాస్టారి జేబులో ఉన్న 'అవే మందులు' వేరు. ఆ తేడా పట్టించగలిగింది ఒక్క రక్తపరీక్షే. దాన్ని ఆ మూడుసార్లలో ఎవరూ రాయలేదు.

చివరికి ఎలా తెలిసిందంటే, మాస్టారి అమ్మాయి సంక్రాంతికి వచ్చి ఇంటి దగ్గరే లిపిడ్ ప్రొఫైల్ అనే కొవ్వు పరీక్ష చేయించింది. చెడ్డ కొవ్వు ఎల్‌డీఎల్ 98. ల్యాబు కాగితం మీద పక్కనే '100 కంటే తక్కువ' అని అచ్చు వేసి ఉంది. బోల్డు అక్షరాలు లేవు, స్టారు గుర్తు లేదు. మాస్టారు ఆ కాగితం పట్టుకుని సంతోషంగా నా షాపుకే వచ్చారు, "చూశావా, కొవ్వు నార్మల్" అని. గుండెపోటు వచ్చినవాళ్లకు ఎల్‌డీఎల్ 55 లోపు ఉండాలని అంతకుముందే చదివి ఉన్నాను కాబట్టి నాకు అనుమానం వచ్చింది. పాత చీటీ తెప్పించి చూస్తే 40 అని కనపడింది. కాళ్ల కింద నేల కదిలినట్టయింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీకు అక్షరాలు నేర్పింది నేనే. అంకెలు నేర్పింది లెక్కల మాస్టారు. ఆయన్ని అడగాలి" అన్నారు. ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

డాక్టరు గారు మళ్లీ 40 మొదలుపెట్టారు. ఈసారి నేనే పట్టుబట్టి మూడో నెల పరీక్ష చేయించాను. 79. తగ్గింది గానీ చాలలేదు. అంటే పద్నాలుగు నెలలూ నేను సరైన అట్టే ఇచ్చి ఉన్నా అది ఆయనకు సరిపోయేది కాదు. అది కూడా ఎవరికీ తెలిసేది కాదు. నా తప్పు ఒకటి, దాని వెనక ఇంకో లోటు. రెండూ ఒకే పరీక్షతో బయటపడ్డాయి.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. కొలెస్ట్రాల్ మాత్ర రాసిన ప్రతి చీటీ కింద ఇంకో లైను రాయండి. ఇవాళ ఎల్‌డీఎల్ ఎంత ఉంది, ఎంతకు రావాలి, మళ్లీ పరీక్ష ఏ నెలలో చేయించాలి. 'ఇప్పుడు 158, రావాల్సింది 55 లోపు, పరీక్ష ఏప్రిల్‌లో.' మీకు పది సెకన్ల పని. కింద మా అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి.

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదని మీకు నాకంటే బాగా తెలుసు. మొదలుపెట్టాక గానీ మోతాదు మార్చాక గానీ 4 నుంచి 12 వారాల్లో ఒకసారి, ఆ తర్వాత 3 నుంచి 12 నెలలకోసారి లిపిడ్ పరీక్ష చేయించాలని అమెరికా గుండె వైద్యుల 2018 మార్గదర్శకాల్లో ఉంది. మన కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో మన దేశానికంటూ విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. మామూలు మనుషులకు ఎల్‌డీఎల్ 100 లోపు, షుగరో బీపీయో ఉండి ప్రమాదం ఎక్కువున్నవాళ్లకు 70 లోపు, గుండెపోటు లాంటివి వచ్చినవాళ్లకు 55 లోపు ఉండాలని అందులో ఉంది. ల్యాబు కాగితానికి మాత్రం మనిషి తెలియదు. స్టెంట్ ఉన్న మాస్టారికీ, పరీక్ష సరదాగా చేయించుకున్న ఇరవై అయిదేళ్ల కుర్రాడికీ అదే 100 అచ్చు వేసి ఇస్తుంది. రోగి చదివేది ఆ కాగితాన్నే. 'మీకు ఎంత ఉండాలి' అన్న అంకె మీరు రాయకపోతే అచ్చు వేసిన అంకే ఆయనకు వేదం.

బీపీ సంగతి వేరు. ఆశా కార్యకర్తో ఏఎన్ఎమ్మో ఇంటికొచ్చి చూస్తారు. షుగర్‌కి వేలు పొడిస్తే నిమిషంలో తెలుస్తుంది. ముప్పై దాటిన వాళ్లందరికీ ప్రభుత్వం చేసే స్క్రీనింగ్‌లో బీపీ, షుగర్, మూడు రకాల క్యాన్సర్లు ఉన్నాయి, కొలెస్ట్రాల్ లేదు. పైగా దానికి ఒంట్లో గుర్తేమీ ఉండదు. కళ్లు తిరగవు, దాహం వేయదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వేలో దేశంలో పెద్దవాళ్లలో నూటికి 24 మందికి కొలెస్ట్రాల్ ఎక్కువుందని తేలింది. వీళ్లలో మాత్ర మొదలుపెట్టినవాళ్లకు అది పని చేస్తోందని తెలిసే దారి రక్తపరీక్ష తప్ప ఇంకోటి లేదు.

కౌంటర్ ఇవతల నుంచి నేను చూసేవి కొన్ని మీ కన్సల్టింగ్ రూములో కనపడవు. అవీ చెబుతాను.

ఒకటి, 'నార్మల్ వచ్చింది, ఆపేశా.' ఇది నెలకు రెండు మూడుసార్లయినా వింటాను. జ్వరం తగ్గాక మాత్ర ఆపినట్టే దీన్నీ ఆపుతారు. మాత్ర వేసుకుంటున్నందుకే అది నార్మల్‌లో ఉందని, ఆపితే కొన్ని వారాల్లో మళ్లీ మొదటికొస్తుందని ఎవరూ చెప్పలేదంటారు. మీరు చెప్పే ఉంటారు. డిశ్చార్జి రోజున, బిల్లు టెన్షన్లో, ఆటో మాట్లాడుకుంటూ విన్న మాట ఎంతమందికి గుర్తుంటుంది?

ఇంకోటి పన్ను పీకించుకోవడం. నవ్వకండి. మూడు మందుల క్యాప్సూల్‌ను మా వాళ్లు 'రక్తం పల్చబడే బిళ్ల' అంటారు. అందులో కొవ్వు మందు కూడా ఉందని తెలియదు. ఎవరో ఒకరు, పళ్ల డాక్టరో పక్కింటాయనో, "రక్తం పల్చబడేది అయిదు రోజులు ఆపు" అంటారు. క్యాప్సూల్ మొత్తం ఆగిపోతుంది. పన్ను పోయాక నొప్పి తగ్గుతుంది, క్యాప్సూల్ గుర్తుండదు. ఇలా నాలుగు నెలలు ఆపేసిన మనిషిని చూశాను. అడిగితే "పంటి డాక్టరు ఆపమన్నాడుగా" అన్నాడు. కొవ్వు మాత్ర విడిగా రాయగలిగిన చోట విడిగా రాస్తే ఈ గొడవ తగ్గుతుందేమో మీరే ఆలోచించండి. మాత్రల లెక్క పెరుగుతుందనే ఇబ్బందీ ఉంది, కాదనను.

తర్వాత ఒళ్లు నొప్పులు. మిరప కోతలకు వెళ్లే ఒకావిడ నెలనెలా మందులు తీసుకెళ్తూ కొవ్వు మాత్ర ఒక్కటి వద్దంది.

"ఏమక్కా?"

"అది వేసుకుంటే పిక్కలు లాగేస్తున్నాయి తమ్ముడూ. కోతకి వంగలేకపోతున్నా."

"డాక్టరు గారికి చెప్పావా?"

"ఆయన అడిగితేగా?"

ఆవిణ్ని బతిమాలి మళ్లీ పంపించాను. డాక్టరు గారు మంచాయన. కండరాల పరీక్ష సీపీకే, దాంతో పాటు థైరాయిడ్ రాశారు. సీపీకే బాగానే ఉంది, థైరాయిడ్ తేడా వచ్చింది. థైరాయిడ్ తక్కువగా పని చేస్తే కొలెస్ట్రాల్ పెరుగుతుంది, స్టాటిన్ అనే ఈ రకం కొవ్వు మాత్ర వేసుకునేవాళ్లకు కండరాల నొప్పులూ ఎక్కువవుతాయి. థైరాయిడ్ మాత్రలు మొదలుపెట్టి, అది దారికొచ్చాక కొవ్వు మాత్ర తక్కువ మోతాదుతో మళ్లీ ఇచ్చారు. ఇప్పుడు రెండూ వేసుకుంటోంది, కోతకీ పోతోంది. ఆవిడ నాకు చెప్పకుండా ఊరుకుని ఉంటే?

ఈ నొప్పుల విషయంలో మీలో కొందరు విసుక్కుంటారని తెలుసు. నెట్లో చూసి వచ్చి భయపడేవాళ్లు ఉన్నారు, నిజమే. లండన్‌లో ఇంపీరియల్ కాలేజీ వాళ్లు, దుష్ఫలితాలంటూ స్టాటిన్ మానేసిన 60 మందికి కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు మందు లేని ఉత్త మాత్ర ఇచ్చి, కొన్ని నెలలు ఏదీ ఇవ్వకుండా చూశారు. అసలు మాత్రతో పడ్డ బాధలో 90 శాతం ఉత్త మాత్రతోనూ పడ్డారని 2020లో తేల్చారు. ఆ బాధ అబద్ధమని కాదు, దానికి కారణం చాలాసార్లు మాత్రలోని మందు కాదని. ఈ సంగతి ఆ మిరప కోతల అక్కకు అర్థమయ్యేలా చెప్పాలంటే ముందు ఆవిడ చెప్పింది ఎవరో ఒకరు వినాలి. పైగా భయం మొత్తం ఉత్తదీ కాదు. సెరివాస్టాటిన్ అనే స్టాటిన్‌ను కండరాలు కరిగి కిడ్నీలు దెబ్బతిన్న కేసుల వల్ల 2001లో ప్రపంచమంతా వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు వాడే వాటితో అలాంటిది చాలా అరుదు. అయినా ఒంటేలు టీ డికాషన్ రంగులో వస్తే, చేతులు పైకెత్తలేనంత నీరసం ఉంటే మాత్ర ఆపి వెంటనే రమ్మని ఒక్కమాట చెప్పి పంపండి.

దగ్గుకు వేరే డాక్టరు క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాయడం ఇంకో తలనొప్పి. అది అటోర్వాస్టాటిన్‌ను ఒంట్లో పేరుకునేలా చేస్తుంది. దగ్గు చీటీ పట్టుకుని వచ్చిన మనిషి నా పాత కస్టమరైతే నేను గుర్తుపట్టి ఆ డాక్టరుకు ఫోన్ చేస్తాను. వేరే ఊరి షాపులో కొంటే ఎవరు గుర్తుపడతారు? చీటీలో ఆ ఒక్క లైను ఉంటే, అది చూసిన రెండో డాక్టరైనా ఆగుతారు.

ఇన్ని పరీక్షలు అడుగుతున్నానని ల్యాబుల తరఫున మాట్లాడుతున్నానని అనుకోకండి. అనవసర పరీక్షలతోనూ విసిగిపోయాను. ప్యాకేజీ చెకప్ చేయించుకుని, లివర్ పరీక్షలో ఎస్‌జీపీటీ 52 వచ్చిందని, లివర్ పోయిందని, రాత్రంతా నిద్రపోకుండా పొద్దున్నే షట్టరు తీయకముందే వచ్చి కూర్చున్నాయన ఉన్నాడు. మాత్ర మొదలుపెట్టే ముందు ఒకసారి లివర్ పరీక్ష చేసి, తర్వాత ఏదైనా లక్షణం ఉంటేనే చేయమని, ఊరికే మాటిమాటికీ చేయనక్కర్లేదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లోనే చెప్పింది. మామూలు గరిష్ఠానికి మూడు రెట్లు దాటితే తప్ప సాధారణంగా మందు ఆపే ఆలోచన చేయరు. ఈ మాట నేను చెబితే ఆయన నమ్మలేదు. 'మందులమ్మేవాడు అలాగే చెబుతాడు' అన్నట్టు చూశాడు. మీరు చెబితే నమ్ముతాడు.

అవసరమైన ఆ ఒక్క పరీక్షకూ జనం ఎందుకు వెళ్లరో చెప్పనా? పరగడుపు ఒకటి. మా చుట్టుపక్కల పల్లెల వాళ్లు మొదటి బస్సెక్కి నరసరావుపేటో గుంటూరు కొత్తపేటో చేరి, ల్యాబు తెరిచే దాకా కాఫీ కూడా తాగకుండా కూర్చోవాలి. షుగర్ ఉన్న ముసలాళ్లు సొమ్మసిల్లుతారు. మామూలు లిపిడ్ పరీక్షకు పరగడుపు అక్కర్లేదని అదే 2024 మార్గదర్శకాల్లో ఉంది. ట్రైగ్లిజరైడ్లు అనే ఇంకో రకం కొవ్వు 400 దాటితే అప్పుడు పరగడుపున మళ్లీ చేయవచ్చు. 'తినే వెళ్లవచ్చు' అని చీటీలో రాస్తే సగం మంది కదులుతారు.

రెండోది ఫీజు. ఓపీ చీటీ గడువు చాలాచోట్ల పది పదిహేను రోజులు. మీరు రమ్మనాల్సింది మూడో నెల. కాగితం ఒకటి చూపించి 'బాగుంది' అనిపించుకోవడానికి మళ్లీ ఫీజు, మళ్లీ బస్సు, ఒక రోజు కూలి. అందుకే నాకు చూపించి వెళ్లిపోతారు. రిపోర్టు ఫొటో వాట్సాప్‌లో చూసి సలహా చెప్పడానికి 2020 టెలీమెడిసిన్ మార్గదర్శకాలు ఒప్పుకుంటాయి. మీ రోగికి, మీరు రాసిన మందుకు, మీరు రాసిన పరీక్షకు ఒక్కసారి ఉచితంగా చూసి 'అదే వాడు' అనో 'రా' అనో చెప్పగలరా? ఫీజు మీ హక్కు, కాదనడం లేదు. ఈ ఒక్క కాగితానికి మినహాయింపు అడుగుతున్నాను.

ఆరోగ్యశ్రీలో (మన దగ్గర ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) స్టెంట్ వేయించుకున్నవాళ్లకు ఏడాది పాటు డాక్టరు చూపు, పరీక్షలు, మందులు కలిపి ఫాలో-అప్ ప్యాకేజీ పెట్టారు. అది మంచి ఏర్పాటు. ఆ ఏడాది అయ్యాక "ఆరోగ్యశ్రీ అయిపోయింది" అని ఖాళీ అట్ట పట్టుకుని నా దగ్గరికొస్తారు. మాత్ర జీవితాంతం, ప్యాకేజీ ఏడాది. దీని గురించి రాష్ట్ర ఆరోగ్య శాఖల వాళ్లకు వేరే లేఖ రాయాలి. ప్యాకేజీ చివరి విజిట్ రోజున మీరు రాసే చీటీలో మాత్రం ఆ లైను తప్పకుండా ఉండేట్టు చూడండి. ఆ చీటీయే ఏళ్ల తరబడి తిరుగుతుంది.

మా వైపు నుంచి నేను మొదలుపెట్టినవి చెబుతాను. కొలెస్ట్రాల్ మాత్ర అట్ట ముక్క తెచ్చినవాళ్లను పాత చీటీ ఒకసారి తెమ్మంటున్నాను, అంకె సరిచూస్తున్నాను. స్టాకు లేనప్పుడు వేరే అంకె అట్ట ఇవ్వొద్దని కుర్రాడికి గట్టిగా చెప్పాను. పక్క షాపు నుంచయినా తెప్పించి ఇస్తున్నాం. మందుల కవరు మీద మార్కర్‌తో 'కొవ్వు పరీక్ష ఎప్పుడు?' అని రాస్తున్నాను. చాలామంది "డాక్టరు చెప్పలేదు" అంటున్నారు. అక్కడితో నా పని ఆగిపోతోంది. తేదీ వేయడానికి నేను డాక్టర్ని కాను.

మాస్టారికి డాక్టరు గారు 40కి తోడు ఎజెటిమైబ్ అనే ఇంకో కొవ్వు మందు కలిపారు. మొన్న పరీక్షలో 62 వచ్చింది. 55 లోపుకి ఇంకా రాలేదు. ఈసారి చీటీ కింద డాక్టరు గారే స్వయంగా రాశారు, రావాల్సింది 55 లోపు, పరీక్ష సెప్టెంబర్లో అని. ఆ చీటీని మాస్టారు ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చి, కౌంటర్ మీద పరిచి, వేలితో ఆ లైను చూపించి, "చదువు" అన్నారు. పైకే చదివాను.

ఇట్లు,
మీ చీటీలు చదివే ఒక ఫార్మసిస్టు